మాట, మనిషి, మందు: మనస్సు బాగోగులకు మూడు ఆధారాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సభకు సిద్ధపరచిన ప్రసంగ పాఠం)



తెలుగు పాఠశాలలో లేఖా రచన నేర్పేటప్పుడు మొదట నేర్పిన మాటలలో 'ఉభయకుశలోపరి' ఒకటి. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీ క్షేమ సమాచారం తెలియజేయగలరు అన్న తరువాతనే అసలు విషయం మొదలయ్యేది. ఆ మర్యాదలో సంస్కారం ఉన్నది. దాని వెనుక ఒక అలవాటు కూడా ఉన్నది. ఇంట్లో జ్వరమున్నా, మీద అప్పున్నా, ఇల్లాలికి నెల రోజులుగా కంటిమీద కునుకు లేకపోయినా ఉత్తరంలోని మొదటి పంక్తి క్షేమమనే పలికేది. జ్వరం సంగతి నాలుగో పంక్తిలోనైనా వచ్చేది. మనస్సు సంగతి సంతకం దాకా వచ్చేది కాదు. ఉత్తరాలు పోయి టెలిఫోన్లు వచ్చినవి, అవి మారి సెల్‌ఫోన్లు వచ్చినవి. 'బాగున్నారా' అన్న ప్రశ్నకు 'ఆఁ, బాగున్నాం' అన్న జవాబు మాత్రం మారలేదు.

జూబిలీ సంవత్సరంలో పాఠశాల తన లెక్కలు చూసుకొంటుంది. ఎన్ని గదులు కట్టినది, ఎందరు ఉత్తీర్ణులైనారు, ఎందరు ఇంజనీర్లు, వైద్యులు, ఉపాధ్యాయులు అయినారు అన్న లెక్కలు అవి. ఈ గోడల మధ్య కూర్చున్న పిల్లలలో ఎందరు లోలోపల దిగులుతో కూర్చున్నారో, వారికి పాఠం చెప్పిన వారిలో ఎందరు అలసిన మనస్సుతో చెప్పినారో ఏ రిజిస్టరులోనూ నమోదు కాలేదు. ఈ ప్రసంగం ఆ నమోదు కాని పుటను గురించినది.

మనస్సు ఆరోగ్యం అంటే ఏమిటి

మానసిక ఆరోగ్యం అన్న మాట వినగానే పెద్ద ఆసుపత్రి, ఎత్తైన గోడలు, పిచ్చి అన్న మాట చాలామందికి గుర్తుకు వస్తాయి. పంటి ఆరోగ్యమంటే పన్ను పీకించుకొనడమే అనుకొన్నట్లుగా ఉంటుంది ఈ భావన. పన్ను పుచ్చిన తరువాత వైద్యుని వద్దకు పోవడం ఒక సంగతి. రోజూ ఉదయం వేపపుల్లతోనో, పళ్ళపొడితోనో తోముకొనడం మరొక సంగతి. మనస్సుకు ఈ రెండూ అవసరమే. 1946లో రూపొంది 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి ఆరోగ్యాన్ని నిర్వచిస్తూ శారీరక, మానసిక, సామాజిక క్షేమాలు మూడింటిని ఒకే వాక్యంలో చేర్చినది. నిర్వచనం వచ్చి ఇన్ని దశాబ్దాలు గడిచినా, ఇళ్ళలో మొదటిదానికి ఉన్న గౌరవం రెండవదానికి ఇంకా దక్కలేదు.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన విషయం కాదు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ, అనగా నిమ్హాన్స్, 2015-16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి నూరుగురిలో పదిమందికి పైగా, కచ్చితంగా 10.6 శాతం మంది, ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్లు తేలినది. రుగ్మతను బట్టి నూటికి 70 నుండి 92 మందికి చికిత్స అందడం లేదని కూడా ఆ సర్వే చెప్పినది. వాడవాడలా మందుల దుకాణాలున్న దేశంలో ఇంతమందికి చికిత్స అందకపోవడానికి మందు కొరత ఒక్కటే కారణం కాదు. బాధకు పేరు పెట్టే మాట లేకపోవడం, ఆ మాట వినే మనిషి లేకపోవడం, దగ్గరలో మందు ఉన్నదని తెలియకపోవడం అనేవి మూడు పెద్ద కారణాలు. అందుచేతనే మాట, మనిషి, మందు అన్న వరుస. అంతకు ముందు, ఏ ఖర్చూ లేకుండా ప్రతి ఇంటా జరగవలసిన దినచర్యను గురించి కొంత చెప్పుకొనవలసి ఉన్నది.

దినచర్య

మనస్సుకు మొదటి ఆహారం నిద్ర. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు తొమ్మిది నుండి పన్నెండు గంటలు, పదమూడు నుండి పద్దెనిమిదేళ్ళ వారికి ఎనిమిది నుండి పది గంటలు, పెద్దలకు కనీసం ఏడు గంటలు నిద్ర అవసరమని వైద్యశాస్త్రం చెబుతున్నది. పరీక్షల నెల రాగానే మొదట కోతపడేది ఈ నిద్రకే. పగలు చదివినది జ్ఞాపకంలో స్థిరపడేది చాలా వరకు నిద్రలోనే. రాత్రి రెండింటిదాకా దీపం వెలిగించి కూర్చున్న పిల్లవాడు చదివినదానిని నిలుపుకొనే అవకాశాన్ని తానే పోగొట్టుకొంటున్నాడు. మరునాడు చిన్నమాటకే కసురుకొంటాడు, లేదా కన్నీరు పెట్టుకొంటాడు. ఇంట్లోవారు దానిని పొగరుగా, మొండితనంగా ఎంచుతారు. పడుకొనే వేళకు గంట ముందు సెల్‌ఫోను మరొక గదిలో పెట్టడం ఈ కాలంలో నిద్రకు చేయదగిన పెద్ద ఉపకారం. ఆ నియమం పిల్లలకు మాత్రమే పెట్టి పెద్దలు తమ చేతి ఫోను వదలకపోతే అది నిలువదు.

రెండవది కదలిక. పిల్లలకు రోజుకు ఒక గంట ఆట, పెద్దలకు వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. క్రమంగా నడిచేవారిలో దిగులు, ఆందోళన తగ్గుతున్నట్లు అనేక పరిశోధనలు చూపినవి. బళ్ళారి ఎండలో మధ్యాహ్నపు నడక తగదు గాని, కోట కొండ మీద వెలుగు పడేవేళ, తిరిగి పొద్దు వాలేవేళ అరగంట నడవడానికి అడ్డు లేదు. ఆటల పీరియడును లెక్కల పాఠానికి అప్పగించే ఆచారం చాలా పాఠశాలల్లో ఉన్నది. లెక్కలకు కూడా అది మేలు చేయదు.

మూడవది శ్వాస. గుండె దడదడలాడుతున్నప్పుడు నెమ్మదిగా గాలి పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదులుతూ ఐదు నిమిషాలు కూర్చుంటే గుండె వేగం తగ్గుతుంది. దీర్ఘమైన నిశ్వాస శరీరాన్ని విశ్రాంతి వైపు మళ్ళించే నాడీవ్యవస్థను మేల్కొలుపుతుంది. పరీక్షహాలులో ప్రశ్నపత్రం చేతికి రాకముందు ఎవరికీ తెలియకుండా చేసుకొనదగిన చికిత్స ఇది.

నాలుగవది కలిసి కూర్చొనడం. సాయంత్రం ఉగ్గాని పళ్ళెం చుట్టూ ఇంటిల్లిపాది కూర్చొనే పావుగంటలో మార్కుల ప్రస్తావన, అప్పుల ప్రస్తావన లేకుంటే, ఆ పావుగంట మనస్సుకు వైద్యమే. ఒకప్పుడు అవ్వ చెప్పే కథలలో, వీధి అరుగు మీది మాటలలో, నాటక సమాజాల రిహార్సళ్ళలో ఈ పని తెలియకుండానే జరిగిపోయేది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, బళ్ళారి రాఘవ మొదలైనవారి నాటకాలను చూసిన ఊరు ఇది. చీకట్లో పదిమంది మధ్య కూర్చొని ఇంకొకరి దుఃఖానికి కన్నీరు కార్చి తేలికపడి ఇల్లు చేరడం ఈ ఊరికి కొత్త కాదు.

మాట

తెలుగులో మనస్సు బాధకు మాటల కొరత లేదు. దిగులు, బెంగ, గుబులు, కలత, విసుగు, నిస్పృహ, ఉక్రోషం, బెదురు, దేని అర్థం దానిదే. బెంగ దూరమైన వారిని తలచుకొని కలిగేది. దిగులుకు కారణం కనబడవచ్చు, కనబడకపోవచ్చు. గుబులు రాబోయేదానిని గురించి కలిగేది. ఇన్ని మాటలున్న భాషలో పెరిగే పిల్లవాడు తన స్థితిని చెప్పమంటే 'టెన్షన్‌గా ఉంది' అన్న ఒక్క మాటతో ఆగిపోతున్నాడు. మాట ఒక్కటే అయినప్పుడు వినేవారికి తేడా తెలియదు, చెప్పేవానికీ తన బాధ ఏమిటో తేటపడదు. భావానికి పేరు పెట్టగలిగినప్పుడు దాని ఉద్ధృతి కొంత తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు గుర్తించినారు. చెప్పుకొంటే బరువు సగమవుతుందని పెద్దలు అన్నది ఇదే.

పెద్దలలో మరొక విశేషం కనిపిస్తుంది. మనస్సు బాధను శరీరం చేత చెప్పించడం తెలుగు ఇళ్ళలో తరచుగా జరిగే పని. 'తల దిమ్ముగా ఉంది', 'గుండె దడ', 'కాళ్ళు లాగుతున్నాయి', 'కడుపులో ఏదో తిప్పినట్లుంది', 'ఒళ్ళంతా మంటలు' అంటారు. ఈ మాటలు నటన కావు, ఆ బాధలన్నీ నిజంగా కలుగుతాయి. పరీక్షలన్నీ చేయించినా ఏ లోపమూ తేలనప్పుడు 'నీకేమీ లేదు, అంతా నీ భ్రమ' అనడం చాలా అన్యాయం. ఏమీ లేదంటే శరీరంలో కారణం కనబడలేదని మాత్రమే అర్థం. దీనికి విరుద్ధంగా కూడా జరుగుతుంది. థైరాయిడ్ లోపం, రక్తహీనత, విటమిన్ బి-12 కొరత అచ్చంగా దిగులు రోగంలాగానే కనబడవచ్చు. అందుచేత వైద్యుని పరీక్ష తప్పక ముందు జరగవలెను.

ఇక్కడి తెలుగువారికి భాష విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో భాగమైనది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు, ఉద్యోగంలో ఒక్కొక్కప్పుడు హిందీ. ఇన్ని భాషలు రావడం ఐశ్వర్యమే. బజారులో బేరమాడడానికి, ఆఫీసులో అర్జీ రాయడానికి నేర్చిన భాష చాలుతుంది. 'రాత్రిళ్ళు ఎందుకో ఏడుపు వస్తున్నది' అని చెప్పడానికి మాత్రం చాలామందికి తల్లి ఒడిలో విన్న భాషే కావలసి వస్తుంది. ఇరుగుపొరుగు భాష నేర్చిన చోట సొంత భాష మరచిపోకుండా నిలిపిన పాఠశాల పిల్లలకు అక్షరాలతోపాటు తమ బాధ చెప్పుకొనే సాధనాన్ని కూడా ఇచ్చినది. ఈ డెబ్బది ఐదేళ్ళ సేవలో ఇది లెక్కకు రాని భాగం.

మనిషి

మాట ఉన్నా వినే మనిషి లేకపోతే ఆ మాట గొంతు దాటదు. వినడం తేలికైన పని కాదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు 'బడికి పోబుద్ధి కావడం లేదు' అన్నాడనుకొందాం. నాన్న వెంటనే తాను చెప్పులు లేకుండా ఐదు మైళ్ళు నడిచి చదువుకొన్న కథ చెబుతాడు. అమ్మ మేనమామ కొడుకు మార్కులు గుర్తు చేస్తుంది. తాత 'ఈ కాలం పిల్లలకు కష్టమంటే తెలియదు' అంటాడు. ముగ్గురిదీ ప్రేమే. ముగ్గురిలో ఒక్కరూ 'ఎందుకు నాయనా?' అని అడగలేదు. పిల్లవాడు రెండోసారి ఆ మాట ఎత్తడు. తరగతిలో ఎవరో రోజూ హేళన చేస్తున్నారా, పాఠం అర్థం కావడం లేదా, ఎవరైనా తాకరాని చోట తాకినారా అన్న నిజం అతనిలోనే ఉండిపోతుంది.

వినేవారు పాటించవలసిన పద్ధతులు కొద్దివే. చేతిలోని పని పక్కన పెట్టి వినడం మొదటిది. మధ్యలో ఉపదేశం చేయకపోవడం రెండవది. విన్న సంగతి పదిమందిలో చెప్పి నవ్వకపోవడం మూడవది. 'దీనికే ఇంత బాధా?' అనకపోవడం నాలుగవది. చివరిది, ఒక్కసారి విని వదలక నాలుగు రోజుల తరువాత మళ్ళీ అడగడం.

మాట గొంతు దాటకపోతే ఎంత నష్టమో అంకెలు చెబుతాయి. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో ఈ దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకొన్నారు. వారిలో 13,044 మంది విద్యార్థులు. ఆ ఏడు ప్రాణం తీసుకొన్న స్త్రీలలో సగానికి పైగా గృహిణులు. అంటే ఈ సభలో ముందు వరుసలలో కూర్చున్న పిల్లల వయస్సువారు, వెనుక వరుసలలో కూర్చున్న తల్లుల వంటివారు. ఫలితాలు వచ్చిన రోజు ఇంట్లో పలికే మొదటి మాట ఒక ప్రాణాన్ని నిలుపవచ్చు. తప్పిన పరీక్షను అదే సంవత్సరంలో తిరిగి రాసే వీలున్నది. ఈ సంగతి ఫలితాల తరువాత గాక, ముందే పిల్లలకు తెలిసి ఉండవలెను.

ఎవరైనా 'బతికి ఏం లాభం', 'నేను లేకపోతే మీ అందరికీ సుఖం' అంటే దానిని బెదిరింపుగా కొట్టివేయరాదు. ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం, అప్పగింతల వంటి మాటలు, హఠాత్తుగా అందరికీ దూరమవడం కూడా హెచ్చరికలే. 'చనిపోవాలని అనిపిస్తున్నదా?' అని సూటిగా, ప్రేమగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్న భయం నిరాధారమని పరిశోధనలు తేల్చినవి. అడిగిన మీదట చాలామంది తేలికపడతారు. అటువంటి సమయంలో వారిని ఒంటరిగా వదలకుండా, పురుగుమందులు, మాత్రలు వంటివి అందకుండా దాచి, ఆ రోజే వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను.

మందు

మందు అన్న మాటకు వీధిలో మరొక అర్థం ఉన్నది. పగటి అలసట, అప్పుల దిగులు, నిద్రలేమి మరచిపోవడానికి ఎందరో ఆ రెండవ మందును ఆశ్రయిస్తున్నారు. సారా మొదట కునుకు పట్టించినా తెల్లవారుజామున నిద్రను చెడగొడుతుంది, దిగులును పెంచుతుంది. మనస్సు బాధకు తాగుడును మందుగా వాడిన ఇంట్లో రెండు రోగాలు చేరుతాయి.

అసలు మందు సంగతికి వస్తే, ఈ జిల్లా గర్వించదగిన చరిత్ర ఒకటి ఉన్నది. 1974లో నిమ్హాన్స్ ఏర్పడిన నాటికి మానసిక వైద్యం దాదాపుగా పెద్ద నగరాల ఆసుపత్రులకే పరిమితమై ఉండేది. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం ప్రారంభమైనది. పల్లెలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే మనస్సుకు వైద్యం జరగగలదా అన్న ప్రశ్నకు ఒక జిల్లా మొత్తం మీద సమాధానం వెదకవలసి వచ్చినది. అందుకు నిమ్హాన్స్ ఎంచుకొన్నది బళ్ళారి జిల్లాను. 1985 నుండి 1990 వరకు, పదిహేను లక్షలకు పైబడిన జనాభా గల ఈ జిల్లాలో, ఆచార్య ఆర్. శ్రీనివాసమూర్తి, డాక్టర్ మోహన్ ఐజాక్ మొదలైన నిపుణుల మార్గదర్శకత్వంలో, ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఇల్లిల్లు తిరిగే ఆరోగ్య కార్యకర్తలకు క్లుప్తమైన శిక్షణ ఇచ్చినారు. కొద్దిపాటి ముఖ్యమైన మందులను కేంద్రాలలో అందుబాటులో ఉంచినారు. జ్వరానికి మాత్ర తీసుకొనే చోటనే మనస్సుకూ, మూర్ఛకూ మాత్ర దొరికినది. 'బళ్ళారి నమూనా' అన్న పేరుతో ప్రసిద్ధమైన ఈ అనుభవమే 1996లో కేంద్ర ప్రభుత్వం ఆరంభించిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి పునాది అయినది. దేశానికి దారి చూపిన ఊరిలో నివసిస్తూ, ఆ దారిలో నడవడానికి సిగ్గుపడడం తగునా?

ఎప్పుడు వైద్యుని వద్దకు పోవలెనన్నది అందరికీ వచ్చే సందేహం. దిగులు లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ ఉండి, నిద్ర, ఆకలి, పని చెడుతుంటే ఇక ఆలస్యం చేయరాదు. లేని మాటలు వినిపించడం, కారణం లేని అనుమానాలు, నిద్ర అక్కరలేనంత ఉద్రేకం కలిగితే రెండు వారాలు కూడా ఆగరాదు. ప్రసవమైన తరువాత కొద్దిరోజులు కన్నీళ్ళు రావడం సహజం. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బాలింతకు అది చాదస్తం కాదు, చికిత్స చేయవలసిన జబ్బు.

మందుల మీద ఉన్న అపోహలు కూడా తొలగవలసి ఉన్నది. దిగులు తగ్గించే మందులు పనిచేయడానికి రెండు నుండి నాలుగు వారాలు పడుతుంది. మూడు రోజులు వాడి గుణం లేదని మానరాదు. గుణం కనిపించగానే ఆపివేయరాదు, వైద్యుడు చెప్పినంత కాలం, సామాన్యంగా కొన్ని నెలలపాటు, వాడవలెను. ఇవి వ్యసనంగా మారే మందులు కావు. అలవాటుగా మారే ప్రమాదమున్నవి కొన్ని నిద్రమాత్రలు. వాటినే జనం దుకాణంలో అడిగి తీసుకొంటున్నారు. మందు అవసరం లేకుండా, శిక్షణ పొందిన సలహాదారుతో క్రమంగా మాట్లాడడం ద్వారా నయమయ్యే సందర్భాలు కూడా చాలా ఉన్నవి.

మొక్కు, ప్రార్థన చాలామందికి ధైర్యమిస్తాయి. ఆ ధైర్యాన్ని ఎవరూ కాదనరు. మొక్కు మొక్కే, మందు మందే. ఒకదాని కోసం రెండవది మానినందువల్ల కలిగిన నష్టం లోకానికి తెలిసినదే. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఒక ప్రైవేటు ఆశ్రయంలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టివేయబడి ఉన్న 28 మంది మనోరోగులు పారిపోలేక ప్రాణాలు కోల్పోయినారు. వారిని అక్కడ విడిచి వచ్చినవారు కూడా దిక్కుతోచని కుటుంబ సభ్యులే. 2017లో పార్లమెంటు ఆమోదించి 2018లో అమలులోకి తెచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనోరోగులను ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని నిషేధించినది, చికిత్స పొందడం ప్రతి వ్యక్తి హక్కని ప్రకటించినది. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగా భావించవలెనని, ప్రభుత్వం అతనికి సంరక్షణ కల్పించవలెనని కూడా ఆ చట్టం చెప్పినది. పోలీసు కేసు భయంతో ఆసుపత్రికి తీసుకొనిపోకుండా దాచడం ఇక ఎవరూ చేయరాదు.

'నలుగురికీ తెలిస్తే అమ్మాయికి పెళ్ళి కాదు' అన్న భయం ఈ దారిలో అన్నిటికంటె పెద్ద గోడ. బయటికి చెప్పడానికి ఇంకా ధైర్యం చాలనివారికి 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ ఉన్నది. 14416 అన్న నంబరుకు ఫోను చేస్తే ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా శిక్షణ పొందినవారు మాట్లాడతారు. ఇరవై భాషలలో సేవ లభిస్తుంది. తెలుగును ఎంచుకొనవచ్చు. తల్లి ఒడిలో విన్న భాషలోనే బాధ చెప్పుకొనే ఏర్పాటు ఇది. ఈ అంకెలు ప్రతి ఇంట కాలెండరు మీద రాసి ఉంచదగినవి.

సేవ చేసేవారికి సేవ

ఇంట్లో అందరికీ వడ్డించి చివర మిగిలినది తినే తల్లి తన మనస్సుకు కూడా అదే వరుస పాటిస్తుంది. మంచం పట్టిన అత్తగారికి, పరీక్షల పిల్లలకు, కోపిష్టి భర్తకు సమయం పంచగా తనకు మిగిలేది ఏమీ ఉండదు. ఆమె విసుక్కొంటే లోకం తప్పుపడుతుంది, విసుక్కొనకుండా కుంగిపోతే 'ఓపికగల ఇల్లాలు' అని మెచ్చుకొంటుంది. ఆ మెప్పులో ఎంతో నష్టం దాగి ఉన్నది. రోజులో అరగంట ఆమెది అని ఇంటిల్లిపాదీ ఒప్పుకొనవలెను. ఆ అరగంటలో ఆమె నడుస్తుందో, పాడుకొంటుందో, ఊరికే కూర్చుంటుందో అడిగే అధికారం ఎవరికీ ఉండరాదు.

ఉపాధ్యాయుల స్థితి కూడా ఇటువంటిదే. యాభై మంది పిల్లల అల్లరి, దిద్దవలసిన పుస్తకాల కట్టలు, జనాభా లెక్కలు, ఎన్నికల విధులు అన్నీ మోసి, నవ్వుమొగంతో తరగతిలో అడుగుపెట్టవలెనని అందరూ కోరుతారు. అలసిన ఉపాధ్యాయుడు ఒక్కసారి నోరుజారితే ఆ మాట పిల్లవానికి ఏళ్ళ తరబడి గుర్తుండిపోతుంది. పిల్లల మనస్సు బాగుండవలెనంటే స్టాఫురూములో ఒకరి మాట ఒకరు వినే వాతావరణం ముందు ఉండవలెను.

పాఠశాల చేయదగిన పనులు

ఇన్ని మాటల తరువాత చేయదగిన పనులు నాలుగు కనిపిస్తున్నవి. ప్రతి తరగతి పిల్లలు తమకు నచ్చిన ఒక ఉపాధ్యాయుని 'చెప్పుకొనే మనిషి'గా ఎంచుకొనే ఏర్పాటు ఒకటి. ఆ ఉపాధ్యాయులకు జిల్లా మానసిక ఆరోగ్య విభాగం ద్వారా శిక్షణ ఇప్పించడం రెండు. తెలుగు పాఠంలో వారానికి ఒకరోజు పిల్లలు తమ మనఃస్థితిని నాలుగు వాక్యాలలో రాసుకొనడం, ఆ రాతకు మార్కులు వేయకపోవడం మూడు. ఫలితాలకు ముందు తల్లిదండ్రుల సభ పెట్టి, ఆ రోజు ఇంట్లో ఏమి మాట్లాడవలెనో, ఏమి మాట్లాడరాదో చెప్పడం నాలుగు. వీటిలో దేనికీ కొత్త భవనం అవసరం లేదు, పెద్ద విరాళం అవసరం లేదు. పూర్వ విద్యార్థులలో వైద్యులు, సలహాదారులు అయినవారు ఏడాదికి రెండు రోజులు కేటాయిస్తే చాలు.

ఉత్తరం మొదటి పంక్తిలో క్షేమమని రాసే మర్యాదను వదులుకొనవలసిన పని లేదు. రెండవ పంక్తిలో నిజం రాసే చనువు ఇంట్లో, బడిలో కల్పిస్తే చాలును. తరువాతి జూబిలీ నాటికి ఈ పాఠశాల ఎందరు ఇంజనీర్లను, వైద్యులను ఇచ్చినదో పెద్దలు లెక్కపెట్టుకొంటారు. 'ఆనాడు నా మాట ఇక్కడ ఒకరు విన్నారు, అందుకే ఈనాడు ఉన్నాను' అని చెప్పగలవారు ఆ సభలో కొందరైనా కూర్చొని ఉండవలెను. అందుకు కావలసిన పని ఈ సాయంత్రం ఇంటికి చేరిన తరువాత, పక్కన కూర్చున్న బిడ్డను 'ఈ రోజు ఎలా గడిచింది?' అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినడంతో మొదలవుతుంది.